గోధుమ మానినా మానని బాధ

గోధుమను పూర్తిగా మానేసినా కడుపు ఎందుకు కుదుటపడలేదన్నది, సీలియాక్ వ్యాధి ఉందని తేలి ఆహారం మార్చుకున్నవారిలో చాలామంది కొన్ని నెలల తరువాత వైద్యుడిని అడిగే ప్రశ్న. చపాతీ, బన్ను, ఉప్మా, సేమ్యా పాయసం అన్నీ వదులుకున్నా భోజనమైన గంటకో రెండు గంటలకో కడుపు ఉబ్బడం, మెలిపెట్టినట్టు నొప్పి రావడం, విరేచనం పలచబడడం ఆగకపోతే, అసలు రోగనిర్ధారణే తప్పేమోనన్న అనుమానం మొదట కలుగుతుంది. ఆ తరువాత, గోధుమతోపాటు ఇంకేదో కూడా తమకు పడడం లేదేమోనన్న అనుమానం మొదలవుతుంది. ఈ రెండవ అనుమానం చాలాసార్లు నిజమే అవుతుంది. అయితే ఆ ఇంకేదో ఏమిటన్నది ఊహతో తేలేది కాదు, ఒక్క రక్తపరీక్షతో తేలేదీ కాదు. క్రమపద్ధతిలో కొన్నిటిని మాని, మళ్ళీ తిని తెలుసుకోవలసినదే.

అనుమానం ఉన్న పదార్థాలను కొంతకాలం పళ్ళెంలోంచి తీసివేసి, బాధ తగ్గిన తరువాత ఒక్కొక్కదాన్నే తిరిగి చేర్చి గమనించే ఈ పద్ధతిని వైద్యులు ఎలిమినేషన్ డైట్ అంటారు. తెలుగులో మినహాయింపు పథ్యం అనవచ్చు. బాలింతకూ, కామెర్లు వచ్చినవారికీ, నాటుమందు మింగేవారికీ పథ్యం పెట్టడం తెలుగు ఇళ్ళకు కొత్త కాదు గాని, ఆ పథ్యానికీ దీనికీ పెద్ద తేడా ఉంది. అక్కడ మానడమే వైద్యం. ఇక్కడ మానడం సన్నాహం మాత్రమే, అసలు పరీక్ష తిరిగి తినడంతోనే మొదలవుతుంది. ఈ సంగతి తెలియక సగం దారిలో ఆగిపోయి, అవసరం లేని పదార్థాలను ఏళ్ళ తరబడి వదులుకుని బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు.

ముందుగా వెతకవలసింది గోధుమనే

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవారి పేగులోకి ఇది చేరినప్పుడు రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి, సొంత చిన్నప్రేగు గోడనే దెబ్బతీస్తుంది. ఆ గోడ లోపలివైపు ఆహారసారాన్ని పీల్చుకునే సూక్ష్మమైన చూషకాలు లక్షలాదిగా ఉంటాయి. వ్యాధి ముదిరేకొద్దీ అవి అరిగిపోయి, గోడ చదునవుతుంది. అప్పుడు తిన్నది ఒంటపట్టదు, ఇనుము అందక రక్తహీనత వస్తుంది, పిల్లలైతే ఎదుగుదల కుంటుపడుతుంది. మన దేశంలోని మూడు ప్రాంతాలలో 23,000 మందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ వ్యాధిని సూచించే ప్రతిదేహకాలు (యాంటీబాడీలు) ఉత్తరాదిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 12 మంది రక్తంలో ఉండగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరిలో మాత్రమే కనిపించాయి. వ్యాధికి వీలు కల్పించే జన్యువులు రెండుచోట్లా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాయి గాని, తినే గోధుమ పరిమాణంలో ఎంతో తేడా ఉంది. వరి అన్నం తినే తెలుగువారిలో ఈ వ్యాధి అరుదు; అరుదు కనుకనే, వచ్చినప్పుడు గుర్తించడంలో ఆలస్యం జరిగే అవకాశం ఎక్కువ.

గోధుమ మానినా బాధ తగ్గనివారిలో అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం, తెలియకుండా ఇంకా గోధుమ తింటూ ఉండడమే. అందువల్ల కొత్త అనుమానితుల కోసం వెతకడానికి ముందు పాతదాన్నే మరోసారి వెతకాలి. బొంబాయి రవ్వ గోధుమ నుంచి వచ్చేది, ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసేది; రవ్వ అన్న పేరు ఒక్కటే చూసి ఒకదానికి బదులు మరొకటి తినడం జరుగుతుంది. బలానికని పాలలో కలుపుకునే మాల్ట్ పొడులలో మొలకెత్తిన బార్లీ ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా కన్నుగప్పేది ఇంగువ. మొక్క వేరునుంచి కారే అసలు ఇంగువ బంక ఘాటు భరించరానంతగా ఉండడమే గాక చేతికి అంటుకుపోతుంది. అందుకని దానిలో తుమ్మజిగురు, పిండి కలిపి పొడిగానో ముద్దగానో అమ్ముతారు. ఆ పిండి కొన్ని డబ్బాలలో బియ్యప్పిండి, చాలా డబ్బాలలో గోధుమపిండి లేదా మైదా. పప్పులో, చారులో, పులిహోరలో, ఆవకాయలో ప్రతిరోజూ పడే ఆ చిటికెడు ఇంగువలోనే గోధుమ ఉందని తెలియక, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మిగతావన్నీ మానినవారు కూడా దీని దగ్గర పొరపడతారు. డబ్బా వెనుక సన్నని అక్షరాలలో రాసిన దినుసుల పట్టిక చదివితే గాని ఈ విషయం బయటపడదు.

పిండిమర రెండవ అనుమానితుడు. గోధుమలు ఆడించిన వెంటనే అదే మరలో బియ్యమో జొన్నలో పోస్తే, రాళ్ళ మధ్యా గొట్టంలోనూ మిగిలిన గోధుమపిండి ఆ పిండిలోకి వచ్చి చేరుతుంది. గ్లూటెన్ లేని ఆహారమని చెప్పుకోవాలంటే కిలో పదార్థంలో అది 20 మిల్లీగ్రాములకు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణమూ, మన దేశ నిబంధనా చెబుతున్నాయి; మరలో మిగిలిపోయిన పిండి ఆ హద్దును సులువుగా దాటించగలదు. బియ్యం, జొన్నలు ఇంట్లోని చిన్న మరలో ఆడించుకోవడమో, గ్లూటెన్ రహితమని ముద్ర ఉన్న పిండి కొనుక్కోవడమో చేసి, ఇంగువ మార్చి, కొన్ని వారాలు చూసిన తరువాతనే మరో అడుగు వేయాలి. చాలామందికి ఆ మరో అడుగు అవసరమే పడదు.

అరటిపండుకు దక్కిన కీర్తి

తిరిగి తిని చూడకపోతే ఎంత దూరం దారితప్పవచ్చో సీలియాక్ వ్యాధి చరిత్రే చెబుతుంది. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పిల్లల వైద్యుడైన సిడ్నీ హాస్, ఈ వ్యాధితో శుష్కించిపోతున్న పిల్లలకు అరటిపండ్లు ప్రధానంగా ఉండే పథ్యాన్ని 1924లో ప్రకటించారు. ఆ పథ్యంలో రొట్టె, బిస్కట్లు, బంగాళాదుంపలు, ధాన్యాలు అన్నీ నిషిద్ధం. పిల్లలు కోలుకున్నారు. ఆ కీర్తి అంతా అరటిపండుకు దక్కింది, దానిలో ఏదో ఔషధగుణం ఉందని వైద్యులూ తల్లిదండ్రులూ ఎన్నో ఏళ్ళు నమ్మారు. అనేక పదార్థాలను ఒకేసారి తీసివేసినప్పుడు మేలు జరిగిందన్నది తెలిసింది గాని, దేన్ని తీయడం వల్ల జరిగిందో ఎవరూ విడదీసి చూడలేదు.

ఆ పని చేసినవారు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డికె. రెండవ ప్రపంచయుద్ధానికి ముందునుంచే ఆయనకు గోధుమ మీద అనుమానం ఉండేది. 1944–45 శీతకాలంలో ఆ దేశంలో రొట్టె దొరకని కరవు వచ్చినప్పుడు అది బలపడింది. 1950లో ఆయన దీనిమీద సిద్ధాంత గ్రంథం సమర్పించారు. సహచరులతో కలిసి ఆయన గోధుమను పిల్లల ఆహారంలోంచి తీసివేయడంతో ఆగిపోలేదు. తిరిగి పెట్టి, అరగకుండా మలంలో బయటికి వచ్చే కొవ్వు పెరుగుతోందో లేదో కొలిచారు. గోధుమ పెడితే పెరిగింది, తీసివేస్తే తగ్గింది. అరటిపండు అమాయకమైనదని తేల్చింది ఈ తిరిగి పెట్టడమే.

ఇంట్లో విద్యుత్తు ఉన్నట్టుండి పోయి, మీటరు పెట్టె దగ్గర ఎం.సి.బి. మీట పడిపోతున్నప్పుడు ఎలక్ట్రీషియన్ చేసే పని ఇదే. ఆయన ముందుగా అన్ని స్విచ్చులూ ఆపివేసి మీట నిలబడుతోందో లేదో చూస్తాడు, ఆ తరువాత ఫ్యాను, ఫ్రిజ్, మోటారు అంటూ ఒక్కొక్కటే వేసుకుంటూ పోతాడు. అన్నీ ఆపినప్పుడు మీట నిలబడిందని సంతోషించి, ఇక ఈ ఇంట్లో ఏదీ వేయవద్దని చెప్పి వెళ్ళిపోయేవాడిని ఎవరూ పనివాడు అనరు. అన్నీ ఆపినా మీట పడిపోతూ ఉంటే లోపం వస్తువులలో లేదు, తీగలలో ఉందని అర్థం. అదే విధంగా అనుమానితాలన్నీ మానినా బాధ తగ్గకపోతే వెతకవలసింది ఆహారంలో కాదని గ్రహించి, వైద్యుడి దగ్గరకు తిరిగి వెళ్ళాలి. ఇంకొక పోలిక కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. గీజరు ఒక్కటే వేస్తే పడని మీట, గీజరు, ఇస్త్రీపెట్టె, మోటారు మూడూ కలిస్తే పడిపోతుంది. ఆహారం విషయంలో కూడా తరచూ జరిగేది ఇదే. ఏ ఒక్కటీ దోషి కాకపోయినా, ఒకే పూట తిన్నవాటి మొత్తం భారం హద్దు దాటుతుంది.

మాని, తిరిగి తిని చూసే ఈ పద్ధతిని వైద్యంలో ఒక క్రమానికి తెచ్చినవారిలో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కు చెందిన ఆల్బర్ట్ రో ముఖ్యులు; ఆహారపు ఎలర్జీల మీద ఆయన గ్రంథం 1931లో వెలువడింది.

అరగని చక్కెరలు

గ్లూటెన్ నిజంగానే పళ్ళెం దాటి వెళ్ళిపోయిందని తేలిన తరువాత కూడా బాధ మిగిలితే, ముందుగా అనుమానించవలసింది పాలను. పాలలో తీపికి కారణమైన లాక్టోజ్ అనే పాలచక్కెర రెండు చిన్న చక్కెరలు జతకూడి ఏర్పడినది. ఆ జతను విడదీసే లాక్టేజ్ అనే ఎంజైము చూషకాల కొసల దగ్గర తయారవుతుంది. సీలియాక్ వ్యాధిలో మొదట దెబ్బతినేది ఆ కొసలే. కనుక గోధుమ మానిన తొలి నెలల్లో, చూషకాలు ఇంకా తిరిగి పెరగకముందు, పాలు అరగకపోవడం సహజం. విడిపోని పాలచక్కెర పెద్దప్రేగు దాకా వెళ్ళిపోయి, దారిలో నీటిని తనవైపు లాక్కుంటుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి వాయువులు పుట్టిస్తాయి. కడుపుబ్బరం, గడబిడ, పలుచని విరేచనం ఈ రెండు చర్యల ఫలితాలే.

సీలియాక్ వ్యాధి లేనివారిలో కూడా బాల్యం దాటాక లాక్టేజ్ తగ్గిపోవడం మానవజాతిలో అధికసంఖ్యాకులకు జరిగేదే. 1981లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనంలో ఢిల్లీలో పరీక్షించినవారిలో 27 శాతానికి పాలచక్కెర పడకపోగా, తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాలలో అది దాదాపు 67 శాతంగా తేలింది. దక్షిణాదివారికి పాలు పడకపోవడం జబ్బు అనిపించుకోదగినది కాదు, అది ఒక శరీరధర్మం. ఇక్కడ పరిమాణం ముఖ్యం. లాక్టేజ్ లేనివారిలో కూడా ఎక్కువమంది ఒక విడతకు 12 గ్రాముల పాలచక్కెరను, అంటే సుమారు పావు లీటరు పాలను, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో అభిప్రాయపడింది. ఒక కప్పు కాఫీలో ఉండేది అందులో సగం కూడా కాదు. పెరుగులో తోడు సూక్ష్మజీవులు కొంత పాలచక్కెరను ముందే తినివేస్తాయి, మిగిలినదాన్ని విడగొట్టే ఎంజైమును తమతోపాటు పేగులోకి తెస్తాయి. నెయ్యిలో పాలచక్కెర దాదాపు ఉండనే ఉండదు. పాలు పడడం లేదని అనుమానం కలిగిన రోజే పెరుగు, మజ్జిగ, నెయ్యి కూడా మానేయడం తెలుగు భోజనానికి అనవసరంగా చేసే అన్యాయం.

పాల తరువాత వచ్చేది ఉల్లి, వెల్లుల్లి. వీటిలోనూ గోధుమలోనూ ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనుషులెవరి శరీరంలోనూ తయారుకాదు, అందరి పెద్దప్రేగులోనూ అవి పులుస్తాయి. తేడా అల్లా ఆ ఉబ్బును ఎవరి పేగు ఎంత నొప్పిగా గ్రహిస్తుందన్నదే. కందిపప్పు, శనగలు, రాజ్మాలలోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలకు కూడా ఇదే గతి. చపాతీ మానినవారు ఆ లోటును శనగపిండి అట్లతోనూ, రెండు గరిటెల పప్పు అదనంగా వేసుకునీ పూడ్చుకోవడం మామూలే. గ్లూటెన్ పోయినా పులిసే చక్కెరల భారం తగ్గకపోగా పెరగడం అందుకే. మామిడిపండులోనూ తేనెలోనూ గ్లూకోజ్‌కన్నా ఫ్రక్టోజ్ ఎక్కువగా ఉండడం వల్ల అది కొందరికి పూర్తిగా ఒంటపట్టదు. చక్కెర లేని చూయింగ్ గమ్ములలో వాడే సార్బిటాల్, పుట్టగొడుగులలో ఉండే మానిటాల్ కూడా ఈ కోవలోవే.

ఈ చక్కెరలన్నిటినీ ఒక జాతిగా గుర్తించి ఫాడ్‌మ్యాప్‌లు అని 2005లో పేరు పెట్టినవారు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్. పరీక్షలలో ఏ లోపమూ కనిపించకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడాలతో బాధపడే స్థితిని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. ఆ బృందం అటువంటి 30 మందికి అన్ని పూటల ఆహారాన్నీ తానే వండి అందించి, మూడు వారాలు పులిసే చక్కెరలు తక్కువగా ఉన్న ఆహారం, మూడు వారాలు మామూలు ఆహారం పెట్టింది. 2014లో ప్రచురితమైన ఆ పరీక్షలో 100 మిల్లీమీటర్ల కొలబద్ద మీద బాధ మామూలు ఆహారంతో సుమారు 45 ఉండగా, మార్చిన ఆహారంతో 23కు దిగింది. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి ఈ రెండవ సమస్య కూడా తోడై ఉండడం అసాధారణమేమీ కాదు.

మానే వారాలు, తినే రోజులు

పథ్యం మొదలు పెట్టకముందు ఒక వారమో రెండు వారాలో ఏమీ మార్చకుండా, తిన్నదీ, తిన్న వేళా, కలిగిన బాధా ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. బాధకు సున్నానుంచి పది వరకు ఒక అంకె వేయడం మంచిది, ఎందుకంటే కొంచెం తగ్గినట్టుంది అన్న మాటకు నెల తరువాత విలువ ఉండదు. నిద్ర, రుతుక్రమం, పరీక్షలు, ప్రయాణాలు కూడా రాయాలి. ఇవన్నీ పేగు కదలికను మారుస్తాయి. ఈ పుస్తకం ఒక్కోసారి పథ్యం అవసరమే లేకుండా చేస్తుంది. ఉబ్బరం ప్రతి ఆదివారమూ వస్తోందని, ఆదివారమే బిర్యానీలో వేయించిన ఉల్లిపాయలు దండిగా పడుతున్నాయని రాసి ఉంటే, దోషి దొరికినట్టే.

తీసివేయవలసినవి వీలైనంత తక్కువగా ఉండాలి. ఎన్ని ఎక్కువ మానితే అంత మేలన్న పాత నమ్మకం మారుతోంది. అన్ననాళం ఎలర్జీ వాపుకు పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజలు, చేపలు ఆరింటినీ మాన్పించే పథ్యం 2006 నుంచి వాడుకలో ఉంది. అమెరికాలో 129 మంది పెద్దలతో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో ఆరింటినీ మానినవారిలో 40 శాతానికీ, ఒక్క పాలపదార్థాలే మానినవారిలో 34 శాతానికీ వాపు తగ్గింది. తేడా స్వల్పం, మానవలసినవాటి తేడా మాత్రం ఎంతో ఎక్కువ. జబ్బు వేరైనా ఈ ఫలితం పేగు విషయంలో కూడా ఆలోచించదగినదే: ముందు పాలచక్కెర ఒక్కటే మాని చూసి, చాలకపోతే ఉల్లి, వెల్లుల్లి, పప్పుల వైపు వెళ్ళడం చాలామందికి సరిపోతుంది.

అన్నిటినీ కలిపి మానవలసి వచ్చినప్పుడు కూడా తెలుగు వంటిల్లు ఖాళీ కాదు. అన్నం, గుడ్డు, చేప, కోడిమాంసం, వంకాయ, క్యారెట్, బంగాళాదుంప నిరపాయంగా తినవచ్చు, పెసరపప్పు కొద్ది మోతాదులో పరవాలేదు. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి గాని నూనెలో కరగవు; అందువల్ల వెల్లుల్లి రేకలను నూనెలో వేయించి తీసి పారేసి ఆ నూనెతో పోపు పెడితే, వాసన మిగులుతుంది, బాధ పెట్టే పదార్థం రేకలతోనే పోతుంది. రేకలను పులుసులో ఉడికించి తీసేస్తే ఈ ఫలితం రాదు. ఉల్లికి బదులు ఇంగువ వాడవచ్చు, అది బియ్యప్పిండి కలిపినదైతేనే. శనగలను రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయడం, మినప్పిండిని పులియబెట్టడం వంటి పాత అలవాట్లు కూడా పులిసే చక్కెరలను తగ్గిస్తాయి.

ఈ దశ రెండునుంచి ఆరు వారాలు. అంతకు మించకూడదు. బాధ తగ్గితే తిరిగి తినడం మొదలవుతుంది: పాలచక్కెరకు పాలు, ఫ్రక్టాన్లకు ఉల్లి, పప్పు చక్కెరలకు కందిపప్పు, ఫ్రక్టోజుకు మామిడిపండు, ఇలా ఒక్కో జాతికి ఒక్కో ప్రతినిధిని ఎంచుకుని, మొదటి రోజు కొద్దిగా, రెండవ రోజు ఇంకొంచెం, మూడవ రోజు మామూలుగా తినేంత తిని చూడాలి. పాలైతే పావు కప్పు, అర కప్పు, కప్పు. మిగతా ఆహారం ఈ మూడు రోజులూ పథ్యంలో ఉన్నట్టే ఉండాలి; బాధ వస్తే ఆపి, పూర్తిగా సర్దుకునేవరకు రెండు మూడు రోజులు ఆగి మరొకటి పరీక్షించాలి. రెండు పదార్థాలను ఒకేసారి చేర్చితే హాస్ అరటిపండ్ల దగ్గర జరిగిన పొరపాటే జరుగుతుంది. పడినదని తేలినదాన్ని కూడా అన్ని పరీక్షలూ పూర్తయ్యేవరకు పక్కన పెట్టడం భారం కలిసిపోకుండా చేస్తుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవారు ఫ్రక్టాన్లను గోధుమతో పరీక్షించనే కూడదు.

అర కప్పు దాకా పడి కప్పు దగ్గర ఆగితే, ఆ మనిషికి పాలు పడవని కాదు, అర కప్పు పడతాయని నమోదు చేయాలి. ఈ తేడా మీదనే తరువాతి జీవితమంతా ఆధారపడి ఉంటుంది.

అనుమానం తెచ్చే నొప్పి

ఈ పరీక్షలో దారి తప్పించేది ఒకటి ఉంది. ఇది నాకు పడదు అని నమ్మి తిన్నది నిజంగానే నొప్పి తెస్తుంది. ఆ నొప్పి నటన కాదు. మెదడుకూ పేగుకూ మధ్య నాడుల సంబంధం గట్టిది, భయం పేగు కదలికను మార్చి, మామూలు ఉబ్బు కూడా నొప్పిగా అనిపించేలా చేస్తుంది. నార్వేలోని ఓస్లో పరిశోధకులు సీలియాక్ వ్యాధి లేకపోయినా గ్లూటెన్ పడదని మానేసిన 59 మందికి, రుచిలో తేడా తెలియని మూడు రకాల ధాన్యపు పలకలను ఒక్కో రకం వారం చొప్పున తినిపించారు: ఒకదానిలో గ్లూటెన్, ఒకదానిలో 2.1 గ్రాముల ఫ్రక్టాన్లు, ఒకదానిలో ఏదీ లేదు. ఏది ఏదో తిన్నవారికీ తెలియదు, లెక్క రాసినవారికీ తెలియదు. 2018లో వెలువడిన ఫలితాలలో 24 మందికి ఫ్రక్టాన్ల వారంలో, 13 మందికి గ్లూటెన్ వారంలో బాధ అన్నిటికన్నా ఎక్కువగా ఉంది. మిగిలిన 22 మందికి బాధ ఎక్కువైనది ఏమీ కలపని పలక తిన్న వారంలో. గోధుమను నిందించినవారిలో ఎక్కువమంది విషయంలో గ్లూటెన్ నిర్దోషి అని ఈ ఒక్క పరీక్ష చూపించింది.

ఇంట్లో ఇంత కట్టుదిట్టంగా చేయడం కష్టమే గాని, పాల విషయంలో కొంత సాధ్యం. లాక్టోజ్ లేని పాలు ఇప్పుడు పట్టణాలలో దొరుకుతున్నాయి. ఇంట్లో మరొకరు కొన్నాళ్ళు మామూలు పాలతోనూ, కొన్నాళ్ళు ఆ పాలతోనూ కాఫీ కలిపి ఇచ్చి, ఏ రోజు ఏవో తమ దగ్గరే రాసి పెట్టుకోవచ్చు. పాలచక్కెర విడిపోయినప్పుడు తీపి పెరుగుతుంది కనుక లాక్టోజ్ లేని పాలు కొంచెం తియ్యగా ఉంటాయి, వట్టి పాలు తాగితే తేడా పట్టేయవచ్చు. చిక్కని డికాక్షను, చక్కెర ఆ తేడాను కప్పివేస్తాయి.

ఇంత ఓపిక లేనివారి కోసమే అన్నట్టు, ఒక్క రక్తపు చుక్కతో వంద పదార్థాలలో పడనివి చెబుతామనే పరీక్షలు వేల రూపాయలకు అమ్ముడవుతున్నాయి. అవి కొలిచేది ఐజీజీ అనే ప్రతిదేహకాలను. ఒక ఆహారం మీద ఐజీజీ ఉందంటే ఆ ఆహారం తిన్నామనీ, శరీరానికి అది పరిచయమేననీ అర్థం. అది పడదని కాదు. ఐరోపా ఎలర్జీ వైద్యుల సంఘం 2008లోనే ఆహార అసహనం నిర్ధారణకు ఈ పరీక్ష పనికిరాదని చెప్పింది. రోజూ అన్నం, పెరుగు, కందిపప్పు తినేవారికి ఆ మూడింటి పక్కనే ఎర్ర గుర్తు రావడంలో ఆశ్చర్యం లేదు, ఆ కాగితాన్ని నమ్మి ఆ మూడింటినీ మానినవారి పళ్ళెంలో మిగిలేది ఏమీ ఉండదు.

ఎవరు, ఎప్పుడు ఆగాలి

తిన్న నిమిషాలలో దద్దుర్లు, పెదవులు వాయడం, గొంతు బిగుసుకోవడం, ఆయాసం కలిగితే అది పడకపోవడం కాదు, ప్రాణాపాయం కలిగించగల ఎలర్జీ. ఆ పదార్థాన్ని ఇంట్లో తిరిగి తిని చూడడం ఎంతమాత్రం తగదు, అది ఆసుపత్రిలో వైద్యుడి ఎదుట జరగవలసిన పరీక్ష. బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, జ్వరం, తగ్గని రక్తహీనత ఉన్నప్పుడు పథ్యాలతో కాలం గడపకూడదు. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో కొందరికి క్లోమగ్రంథి ఎంజైములు తగ్గడం, చిన్నప్రేగులో సూక్ష్మజీవులు అతిగా పెరగడం, పెద్దప్రేగులో సూక్ష్మదర్శినికే కనిపించే వాపు వంటివి తోడవుతాయి, ఏ పథ్యమూ వీటిని నయం చేయదు. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బరువు తక్కువగా ఉన్నవారికి, తినడమంటేనే భయం పట్టుకున్నవారికి ఆహారనిపుణుల పర్యవేక్షణ లేకుండా ఈ పథ్యం పెట్టకూడదు.

ఇక సీలియాక్ పరీక్ష చేయించుకోకుండానే గోధుమ మానేసినవారి సంగతి ప్రత్యేకం. రక్తంలో వెతికే ప్రతిదేహకాలు గోధుమ తింటున్నప్పుడే ఉంటాయి. మానిన కొన్ని నెలలకు తగ్గిపోయి, వ్యాధి ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. అప్పుడు నిర్ధారణ కోసం వారాల తరబడి మళ్ళీ గోధుమ తినవలసి వస్తుంది. అందుకే అనుమానం రాగానే మానవద్దు, ముందు పరీక్ష చేయించుకోవాలి.

పులిసే చక్కెరలను దీర్ఘకాలం మానినప్పుడు పెద్దప్రేగులోని బైఫిడో జాతి సూక్ష్మజీవులు తగ్గుతాయని తెలిసింది. పాలు మానితే కాల్షియం, పప్పులు మానితే శాకాహారులకు మాంసకృత్తులు తగ్గుతాయి. తిరిగి తినే దశను పూర్తి చేయాలనడానికి ఇవి బలమైన కారణాలు. పడవని తేలినవాటిని కూడా ఆరునెలలకో ఏడాదికో మరోసారి చిన్న మోతాదులో పరీక్షించాలి, ఎందుకంటే చూషకాలు కోలుకునేకొద్దీ వాటి కొసల దగ్గర లాక్టేజ్ తిరిగి తయారవుతుంది; పెద్దలలో ఆ కోలుకోవడానికి ఏడాదికి పైనే పట్టవచ్చు. మొదటి నెలలో పావు కప్పు పాలకే ఇబ్బంది పడినవారు ఆ తరువాత కప్పు కాఫీ తాగగలగడం వైద్యులు తరచూ చూసేదే. సీలియాక్ వ్యాధిలో గ్లూటెన్‌కు మాత్రం ఈ మరో అవకాశం లేదు: రోగనిరోధక వ్యవస్థ దాన్ని మరచిపోదు, పైకి ఏ నొప్పీ తెలియకుండానే చూషకాలు మళ్ళీ అరగడం మొదలవుతుంది.